ఇసుక మేట మీద ముప్ఫై మూడు సెకన్లు

మొన్న శుక్రవారం, మస్కట్ అవతల సహం అనే ఊళ్ళో, మా అమ్మాయి ఇంట్లో కిటికీ మళ్ళీ ఇరుక్కుపోయింది. సముద్రానికి దగ్గర ఇల్లు. ఉప్పుగాలి, ఏడాది పొడుగునా ఎగిరివచ్చే సన్నని దుమ్ము, రెండూ కలిసి అద్దం తలుపు గాడిలో సిమెంటులా గట్టిపడతాయి. ఏసీ బాగుచేయడానికి వచ్చిన మల్లేశం నిజామాబాద్ వైపు మనిషి. నేను రెండు చేతులతో కిటికీని లాగుతూ ఉండడం చూసి, పనిముట్ల సంచిలోంచి కొవ్వొత్తి ముక్క తీశాడు, లైటర్‌తో కొంచెం వెచ్చచేసి గాడి పొడుగునా రుద్దాడు. "గిట్ల మైనం రాస్తే మస్తు జారుతదమ్మా. మా సైట్ల అన్ని కిటికీలకు గిదే మందు" అన్నాడు. కిటికీ ఒక్క వేలితో జరిగింది. వెచ్చబడ్డ మైనం వాసన మాత్రం గదిలో ఉండిపోయింది, నేను మంచం మీద కూర్చుండిపోయాను. ఆ వాసన నాకు యాభై ఏళ్ళ నాటిది.

జ్ఞాపకాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. మస్కట్ దగ్గరి రుసైల్‌లో ఒక పైపుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఇరవై తొమ్మిదేళ్ళు మందాలూ తూకాలూ రాసి రిటైరైనదాన్ని. దశాంశ చుక్క తర్వాతి అంకెను కూడా మార్చి రాయనని, నాతో పనిచేసేవాళ్ళు ఎగతాళి చేసేవారు. అందుకని మల్లేశం వెళ్ళగానే రేకు పెట్టె తెరిచి, అన్నిటికంటే అడుగున ఉన్న డైరీ బయటికి తీశాను. అది డైరీ కాదు, కంపెనీ హాజరు రిజిస్టరులో మిగిలిపోయిన కాగితాలకు నాయన దారం కుట్టి ఇచ్చిన పుస్తకం. అప్పుడు నాకు పదేళ్ళు.

మేము కడప జిల్లా వాళ్ళం. నాయన రుస్తాఖ్ ఊరి అవతల, కొండల మొదట్లో, రోడ్డు పనికి కంకర కొట్టే క్రషర్ క్యాంపులో టైమ్‌కీపర్. అమ్మ అదే క్యాంపులో దొరల ఇళ్ళలో వంటా, గుడ్డలూ చూసేది. బడి ఎక్కడో మస్కట్‌లో ఉండేది కాబట్టి ఆ రెండేళ్ళు నాయనే నా బడి. పొద్దున లెక్కలు, మధ్యాహ్నం ఇంగ్లీషు, సాయంత్రం ఆ రోజు చూసినదాని గురించి తెలుగులో ఒక పుట. అంకెలు కూడా తెలుగు అంకెలే వేయించేవాడు. మనం వేయకపోతే ఇంకెవరు వేస్తారని ఆయన పట్టుదల.

ఆ క్యాంపు నా కళ్ళ ముందు ఇప్పటికీ వాసనలతోనే లేస్తుంది. తెల్లవారుజామున డీజిలు, ఎండెక్కేకొద్దీ వేడి రాతిపొడి, మధ్యాహ్నం తార్పాలిన్ మీద ఆరబోసిన నిమ్మకాయలు నల్లబడుతూ వదిలే పుల్లటి ఘాటు, ఖర్జూరాలు పండే వేసవిలో ఆ తీపికి ముసిరే కందిరీగల హోరు. కాపలా ఉండే సాలిం మామ, తెల్లటి గడ్డం మనిషి, తన తోటలోని కాలువ నీళ్ళతో తడిపిన గోనెపట్టాలో మాకు తొలి పండ్లు తెచ్చి ఇచ్చేవాడు. ఈద్ నాడు హల్వా తెచ్చేవాడు. నెయ్యీ కుంకుమపువ్వూ కలిసిన ఆ వాసన మా రేకుల గదిలోంచి మూడు రోజులు పోయేది కాదు. ఉగాదికి అమ్మ బెల్లం దొరక్క ఖర్జూరపు పాకంతో ఓళిగలు చేసింది, నల్లగా వచ్చాయని బాధపడుతూనే ఒకటి సాలిం మామకు ఇస్తే ఆయన నాలుగు అడిగి పట్టుకుపోయాడు. నా ఆటలు నావే. అచ్చనగండ్లకు అంత సమానమైన రాళ్ళు ప్రపంచంలో ఏ ఆడపిల్లకూ దొరికి ఉండవు, జల్లెడలోంచి వచ్చిన అరంగుళం కంకర, కొండంత.

పొద్దున ఆరింటికి సైరను మోగేది. నాయన టైమ్ ఆఫీసు కిటికీ దగ్గర రిజిస్టరు తెరిచి కూర్చునేవాడు, నేను పక్కన ముక్కాలిపీట మీద. ఆరూ అయిదు తర్వాత వచ్చినవాళ్ళకు సగం రోజు పోయినట్టు రాయాలని కంపెనీ పద్ధతి. ఎవరైనా దూరంగా చెప్పులు చేతపట్టుకొని పరుగెత్తుకొస్తూ కనిపిస్తే నాయన పెన్ను మూత తీసేవాడు కాదు. మూతను తిప్పుతూ, తిప్పుతూ, ఆ మనిషి కిటికీ చేరేదాకా గోడ గడియారం వైపు చూసేవాడే కాదు. ఇది తప్పు కదా అని నేనొకసారి అడిగాను.

"పది నిమిషాలు మనం మింగితే కంపెనీకేం కడుపు నొయ్యదు మ్మే" అన్నాడు. "రాసేది మన చేతిలో ఉండాది. ఆ మాత్రం కనికరం ల్యాకపోతే ఎట్లా?"

ఆ మాట నేను డైరీలో రాసుకున్నాను. ఆ పుటకు మూల మడిచి కూడా పెట్టాను.

చలికాలం మొదలయ్యే ముందు క్రషర్ యంత్రాలు బిగించడానికి ఐరోపా నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఆయనతో భార్య మార్తా వచ్చింది. పొడుగాటి మనిషి, ఎండకు కమిలిన ముక్కు, కుడికాలి మీద భారం వేసి నిలబడే అలవాటు. ఆమె సామాన్లలో మనిషికంటే పొడుగ్గా రెండు సన్నటి చెక్కలు గుడ్డలో చుట్టి ఉంటే కూలీలు వాటి మీద వారం రోజులు వాదించుకున్నారు. ఒకరు పడవ తెడ్లన్నారు, ఒకరు దొరల శవపేటిక తాలూకు చెక్కలన్నారు. అసలు సంగతి ఇంజనీరు నాయనకు చెబితే నాయన మాకు చెప్పాడు. వాళ్ళ దేశంలో కొండల మీద మంచు పడుతుంది, కాళ్ళకు ఆ చెక్కలు కట్టుకొని పైనుంచి కిందికి పందెం వేసి జారతారు, ఆ పందాల్లో ఆడవాళ్ళలో ఈమెను కొట్టినవాళ్ళు లేరట. నాలుగు చలికాలాలు వరసగా గెలిచింది. అయిదో ఏడు ఒక పెద్ద కొండ మీద పడి ఎడమ మోకాలు లోపల తెగిపోయింది. రెండేళ్ళుగా పందానికి దిగలేదు. మళ్ళీ దిగగలనో లేదో తేల్చుకోవడమే ఇప్పుడు ఆమె పని.

"దిగేదానికే ఎక్కేవాళ్ళను యాడా చూళ్ళేదమ్మా" అంది అమ్మ. "ఎక్కకుండా ఉంటే మోకాలన్నా మిగిలుండు."

ఆ మాట అన్న రెండో రోజే అమ్మ ఒక పొరపాటు చేసింది. మార్తా ఇంట్లో పెట్టె సర్దుతూ, పాతబడి మాసి, నడుమ ఏడో నంబరు వేసి, పక్కల నాడాలు వేలాడుతున్న ఒక గుడ్డ కనిపిస్తే చొక్కా కాదు, రవిక కాదు, ఎందుకూ పనికిరాదనుకొని మసిగుడ్డ చేసి పొయ్యి తుడిచింది. అది ఆమె అన్నిటికంటే పెద్ద పందెం గెలిచిననాడు ఒంటి మీద వేసుకున్న నంబరు. సంగతి తెలిసి అమ్మ ఏడుపు మొహంతో నిలబడితే, మార్తా ఆ గుడ్డను వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, పొట్ట పట్టుకొని నవ్వింది. తర్వాత దాన్ని ఉతకనివ్వలేదు. మసితోనే మేకుకు తగిలించింది. ఆ రోజు నుంచి అమ్మ ఆమెకు సొంత చెల్లెలికి పెట్టినట్టు అన్నం పెట్టేది.

క్యాంపుకు మైలు దూరంలో, కొండ కడుపుకు ఆనుకొని, గాలి ఎన్నేళ్ళుగానో తెచ్చి పోసిన ఇసుక మేట ఉండేది. చాలా ఎత్తు, పైన నిలబడితే ఖర్జూరపు తోటలు పచ్చటి చాపల్లా కనిపించేవి. మార్తా దాన్ని చూసిన రోజే నిర్ణయించుకుంది. అమ్మ పాత ఎర్రచీర చింపి పన్నెండు ముక్కలు చేశాం. ఇనుప చువ్వలకు కట్టి, కుడికొకటి ఎడమకొకటి, వాలు పొడుగునా పాతాం. వాటి చుట్టూ మెలికలు తిరుగుతూ దిగాలి. ఇంజనీరు వాలు కొలిచి, కాగితం మీద లెక్క వేసి, మోకాలు బాగున్న మార్తాకు ఈ దారి ముప్ఫై మూడు సెకన్లని తేల్చి చెప్పాడు. ముప్ఫై మూడు వస్తే తన జట్టు గురువుకు జాబు రాస్తుంది. రాకపోతే ఇక ఎప్పటికీ రాయదు. ఈ మాట ఆమె నాతోనే చెప్పింది, వేళ్ళతో అంకెలు చూపిస్తూ, నాకు వచ్చిన కాస్త ఇంగ్లీషుకు తగ్గట్టు.

నాతో ఎందుకంటే గడియారం నా చేతిలో ఉంది. లారీలు నిండడానికి ఎంతసేపు పడుతుందో చూసే గుండ్రటి గడియారాన్ని నాయన దగ్గర అడిగి తీసుకొని నాకు అప్పగించారు. దానికి ఒకటే బొడిపె. ఒక నొక్కుకు ముల్లు బయలుదేరుతుంది, రెండో నొక్కుకు ఆగుతుంది, మూడో నొక్కుకు సున్నా దగ్గరికి పోతుంది. ఇంజనీరు పనికి వెళ్ళిపోయాక, ఎండ ఎక్కకముందు, నేను మేట కింద రాయి మీద కూర్చునేదాన్ని. అమ్మ ఫ్లాస్కులో టీ పట్టుకొని వచ్చేది. మార్తా చెక్కల అడుగున కొవ్వొత్తి రుద్ది, చేత్తో పాలిష్ పెట్టి, వాటిని భుజాన వేసుకొని ఎక్కేది. ఆ వెచ్చటి మైనం వాసన ఎక్కుతున్న ఆమె వెంటే కొంతదూరం పోయేది. పైన ఆమె చేతికర్ర ఎత్తి దించగానే నేను నొక్కాలి. పన్నెండో గుడ్డ దాటగానే మళ్ళీ నొక్కాలి. రోజుకు మూడు పరుగులు.

అంత అందమైనదాన్ని నేను మళ్ళీ చూడలేదు. మోకాళ్ళు ముడిచి, భుజాలు కదలకుండా, ఒక్కో మలుపులో ఒక రెక్కలా ఇసుకను పైకి విసురుతూ దిగేది. పొద్దుటి ఎండలో ఆ రెక్కలు బంగారు రంగులో ఉండేవి. ఎడమ మలుపులో రెక్క పెద్దదిగా లేచేది. బరువంతా ఎడమకాలి మీద పడే కుడి మలుపులో చిన్నదిగా. కింద కూర్చున్నదాన్ని కాబట్టి అది నాకు కనిపించేది. దిగే మనిషికి తన వెనక లేచే ఇసుక కనిపించదు.

మొదటి వారం నలభై ఒకటి. రెండో వారం ముప్ఫై తొమ్మిది, తర్వాత ముప్ఫై ఏడు. నెల తిరిగేసరికి ముప్ఫై ఆరు. ఆ తర్వాత ముల్లు అక్కడే కూర్చుంది. పది రోజులు, ముప్ఫై పరుగులు, ముప్ఫై ఆరు. నేను అంకె చెప్పినప్పుడల్లా ఆమె చెక్కలు ఇసుకలో గుచ్చి, ఎడమ మోకాలిని రెండు చేతులతో పట్టుకొని, దాన్ని పరాయి మనిషిని చూసినట్టు చూసేది. ఒకరోజు అమ్మ టీ పోసి ఇస్తే తాగకుండానే పారబోసింది. అమ్మ నా చెవిలో, "ఇంగ చాలని చెప్పు అమ్మీ, ఆమె మొగం చూడలేకున్నా" అంది.

మర్నాడు రెండో పరుగు ముప్ఫై ఆరు. ఆమె నా వైపు నడిచి వస్తోంది, కాలు కొంచెం ఈడుస్తూ, పరుగెత్తలేక పరుగెత్తుతున్నట్టు. నాకు చెప్పులు చేతపట్టుకొని కిటికీ వైపు వచ్చే కూలీలు గుర్తొచ్చారు. ఆమె చేరేలోగా మూడో నొక్కు నొక్కాను. ముల్లు సున్నాకు పోయింది. "థర్టీ ఫైవ్" అన్నాను.

ఆమె నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది.

ఆ తర్వాత ఆపడం నా చేతకాలేదు. ఒకసారి తగ్గించిన అంకెను మళ్ళీ పెంచితే ఆమె మొహం ఏమవుతుందో తెలుసు. ముప్ఫై అయిదు నుంచి ముప్ఫై నాలుగు, కొన్నాళ్ళకు ముప్ఫై మూడున్నర. ఆమె జేబు పుస్తకంలో నేను చెప్పినవి ఆమే రాసుకునేది. నా డైరీలో మాత్రం నేను చూసినవే రాశాను, ఎందుకంటే డైరీలో అబద్ధం రాయకూడదని కూడా నాయనే చెప్పాడు. చలికాలం సగానికి వచ్చిన ఒక పొద్దున, మూడో పరుగు తర్వాత, నేను "థర్టీ త్రీ" అన్నాను. అమ్మకు అంకె అర్థం కాకపోయినా విషయం అర్థమై రెండు చేతులూ జోడించింది. మార్తా ఇసుకలో వెల్లకిలా పడుకొని ఆకాశాన్ని చూస్తూ చాలాసేపు నవ్వింది. ఆ సాయంత్రమే జాబు రాసింది.

మూడు వారాలకు గురువు దగ్గర నుంచి తంతి వచ్చింది, రమ్మని. చలికాలం ఇంకా మిగిలి ఉంది, చివరి పందాలకైనా అందుకోవచ్చని. క్యాంపంతా సంబరపడింది. సాలిం మామ ఒక బుట్ట ఖర్జూరాలు తెచ్చి, మంచు దేశంలో ఒంటికి వేడి కావాలని తానే పెట్టెలో సర్దాడు. నాకు ఆ రోజు అన్నం దిగలేదు. మధ్యాహ్నం టైమ్ ఆఫీసులో ఎవరూ లేనప్పుడు నాయన ముందు డైరీ పెట్టి అంతా చెప్పాను.

నాయన పుటలన్నీ వేలు పెట్టి చదివాడు. మూల మడిచిన పుట దగ్గర ఆగాడు. తన మాట నా చేతిరాతలో చూసుకున్నాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. డైరీ చంకలో పెట్టుకొని మార్తా ఇంటికి బయలుదేరాడు. నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. ఆయన మెట్ల దాకా వెళ్ళాడు, తలుపు తెరుచుకుంది, లోపలికి పిలిచారు. కాసేపటికి బయటికి వచ్చాడు. చేతిలో వాళ్ళ దేశపు చాక్లెట్ల డబ్బా ఉంది.

"చెప్పినావా నాయనా?"

"ల్యా మ్మే." డబ్బా బల్ల మీద పెట్టాడు. "ఆమె నగుతాండాది. ఆ దొర నా చెయ్యి పట్టుకొని, నీ కూతురు వల్లే, నీ కూతురు వల్లే అని ఊపుతాండాడు. నాకు నోరు రాల్యా." డైరీ నా చేతికిచ్చి, "రేపు పొద్దున నువ్వే చెప్పు. నీ గడియారం, నీ నోరు" అన్నాడు.

పొద్దున జీపు వాళ్ళ ఇంటి ముందు నిలబడి ఉంది. నేను డైరీ పట్టుకొని వెళ్ళాను. వచ్చీరాని ఇంగ్లీషులో ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. అమ్మ నిమ్మకాయ ఊరగాయ సీసాకు గుడ్డ చుడుతోంది. మార్తా నన్ను చూసి టీ కప్పు పక్కన పెట్టి, డైరీ నా చేతుల్లోంచి తీసుకుంది. నేను దాన్ని ఆమెకు కానుకగా చూపించడానికి తెచ్చాననుకుంది. బల్ల మీద పరిచి పుటలు తిప్పింది. చివరి పుట దగ్గర ఆగి, అక్షరాల మీద వేలు పెట్టి, ఇసుక మీద పొద్దున్నే పురుగులు నడిచిన జాడల్లా ఎంత చక్కగా ఉన్నాయో అంది. నేను నోరు తెరిచాను. "మేడమ్, గడియారం..." అన్నాను. ఆమె జేబులోంచి, పరుగులు ముగిశాక తన దగ్గరే ఉంచుకున్న ఆ గడియారమే తీసి, నాయన దగ్గర అనుమతి తీసుకున్నానని, ఇది ఇక నీదేనని నా మెడలో వేసింది. డ్రైవరు హారను కొట్టాడు. నేను చెప్పవలసిన వాక్యంలో గడియారం తర్వాతి మాట ఈ రోజు దాకా నా నోట్లోనే ఉంది.

నెల తిరగకముందే ఇంజనీరుకు కబురు వచ్చింది. మొదటి పందెంలో ఎక్కడో వెనక వచ్చింది, రెండో దాంట్లోనూ అంతే. మూడో పందెంలో, వేగం తనకు ఉందని నమ్మిన మనిషి పట్టే దారి పట్టి, ఒక కుడి మలుపులో పడిపోయింది. అదే మోకాలు. ఇంకెప్పుడూ పందెం కాదు కదా, కర్ర లేకుండా నడవడమే కష్టమన్నారు. ఆయన ఆ వారమే సామాన్లు సర్దుకొని వెళ్ళిపోయాడు. మసి నంబరు గుడ్డను అమ్మే మేకు నుంచి తీసి, మడిచి, ఆయన చేతికిచ్చింది. నాయన టైమ్ ఆఫీసులో ఎప్పటిలాగే కూర్చునేవాడు. ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఎప్పటిలాగే వచ్చేవాళ్ళు. ఆయన వాళ్ళకు ఏం రాసేవాడో నాకు తెలియదు. పక్కనున్న ముక్కాలిపీట తీసేశాడు.

వేసవిలో నా పేర ఒక ఉత్తరం వచ్చింది. నాయన చదివి అర్థం చెప్పాడు, చదువుతూ రెండుసార్లు ఆగాడు. ఆస్పత్రి కిటికీలోంచి కొండ కనిపిస్తోందని, ఊరగాయ అయిపోయిందని రాసింది. చివర్న నాకోసం పెద్ద అక్షరాల్లో: "నీ గడియారం ఎప్పుడూ నిజమే చెప్పింది, టైమ్‌కీపర్. తప్పు నా గుండెది. మంచు మీద అది భయపడింది." జవాబు నాలుగుసార్లు రాశాను. నాలుగూ చించేశాను. అయిదోది పెద్దయ్యాక రాస్తే చిరునామాలో ఎవరూ లేరని తిరిగి వచ్చింది.

పోయినేడు అమ్మాయి కారులో రుస్తాఖ్ వైపు వెళ్ళాం. క్యాంపు ఉన్నచోట పెట్రోలు బంకు, టీ దుకాణం ఉన్నాయి. సాలిం మామ తోట కాలువ ఎండిపోయింది. ఇసుక మేట లేదు. ఇళ్ళ పనులకు లారీలకెత్తి అడుగంటా తీసుకుపోయారు, కొండ కడుపు రాయి తేలి బోడిగా ఉంది. నాయన, అమ్మ ఎప్పుడో పోయారు. గడియారం బొడిపె పట్టేసింది, నొక్కితే లోపలికి పోదు. మల్లేశం కొవ్వొత్తి ముక్క కిటికీ మీద వదిలి వెళ్ళాడు, దాన్ని ఎవరూ తీయలేదు.

డైరీలో చివరి పుట, నేను థర్టీ త్రీ అని చెప్పిన నాటిది, ఇలా ఉంది: "మూడో పరుగు. ౩౬. కుడి తిప్పులో ఇసుక లేవలేదు. మోకాలు బాగు కాలేదు." ఆ రోజు జీపు హారను కొట్టకముందు ఆమె టీ కప్పు పక్కన, ఆమె వేలి కింద ఉన్నది ఈ పుటే, ఆమె చదవలేని తెలుగు అంకెల్లో ముప్ఫై ఆరు. అక్షరాలు చక్కగా ఉన్నాయని చెప్పి మూసేసింది.